సుమ్మా ఉన్న అక్క

పోయిన నెల ఈ గోడ మీద హాస్టల్ సాంబారు గురించి రాస్తే అందరం నవ్వుకున్నాం. ఈసారి నన్ను రాయమన్నారు. నాకు నవ్వించడం రాదు. ఏప్రిల్ పరీక్షల తర్వాత మనలో చాలామందికి జరగబోయేదాని గురించి రాస్తాను, ఏమీ అనుకోకండి.

మా అక్క మన కాలేజీలోనే బి.కామ్ చదివింది. పార్ట్ వన్‌లో తెలుగు తీసుకుంది కాబట్టి మేడమ్‌లకు గుర్తుండే ఉంటుంది. చదువు ముగిసి రెండున్నరేళ్లయింది. ఉద్యోగం లేదు.

మొన్న ఒక ఆదివారం కింది పోర్షన్ ఆంటీ మెట్ల దగ్గర నన్ను ఆపి, "అక్కా ఎన్న పణ్‌రా?" అని అడిగింది. నేను ఆలోచించకుండా "సుమ్మా దాన్ ఆంటీ" అనేశాను. అప్పుడు అక్క నా వెనకే ఉంది. లారీ నీళ్లు పట్టి నాలుగో బిందె రెండో అంతస్తుకు మోస్తోంది. నా మాట విన్నది. ఏమీ అనలేదు. పక్కకి జరుగు అన్నట్టు మోచేత్తో నెట్టి పైకి వెళ్లిపోయింది. ఆ రోజంతా నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేనూ క్షమించమని అడగలేదు. ఎలా అడగాలో తెలియలేదు, అందుకే ఇది రాస్తున్నాను అనుకోండి.

"సుమ్మా" అరవం మాటే అయినా చెన్నైలో మన తెలుగిళ్లలో దాన్ని వేరే భాషగా ఎవరూ అనుకోరు. సుమ్మా వచ్చాను, సుమ్మా అడిగాను, సుమ్మా ఉన్నాను. అసలు తెలుగులోనైనా "ఊరికే ఉంది", "ఖాళీగా ఉంది" అంటాం. బిందె ఖాళీగా ఉండొచ్చు, గది ఖాళీగా ఉండొచ్చు, మనిషి ఎలా ఖాళీగా ఉంటుంది? అక్క పొద్దున అయిదింటికి లేస్తుంది. నీళ్లు, ముగ్గు, నాయనకు క్యారేజీ, నాకు క్యారేజీ, అవ్వకు షుగర్ మాత్రలు, రేషన్ షాపు క్యూ, కరెంటు బిల్లు, మేనత్త పిల్లవాడికి ట్యూషన్. ఈ ట్యూషన్‌కు డబ్బు ఇవ్వరు, "నీ మేనత్త కొడుకే కదా" అంటారు. మధ్యాహ్నం రెండు గంటలు పరీక్ష పుస్తకాలు. సాయంత్రం మళ్లీ మొదలు. డిగ్రీ చదివేటప్పుడు ఇందులో సగం పని కూడా అక్క చేసేది కాదు, "చదువుకునే పిల్ల" అని అమ్మే చేసుకునేది. చదువు అయిపోయిన వారంలోపే ఆ పనులన్నీ ఒకటొకటిగా అక్క చేతికి వచ్చాయి. ఎవరూ కూర్చోబెట్టి అప్పగించలేదు. ఇంట్లో ఉంది కదా, అంతే.

ఎకనామిక్స్ చదివే నా స్నేహితురాలు ఒక సంగతి చెప్పింది. కేంద్ర ప్రభుత్వం ఏటా శ్రామికుల సర్వే చేస్తుంది, పీఎల్‌ఎఫ్‌ఎస్ అంటారు. అందులో ప్రతి మనిషికీ వాళ్లు చేసే పనిని బట్టి ఒక కోడ్ నంబరు వేస్తారు. చదువుకునేవాళ్లకు 91. ఉద్యోగం కోసం వెతుకుతూ ఉన్నవాళ్లకు, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవాళ్లకు 81. ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకు 92. 81 పడితే నిరుద్యోగుల లెక్కలోకి వస్తారు. 92 పడితే నిరుద్యోగి కూడా కారు, శ్రామికశక్తి బయట ఉన్నట్టు లెక్క. ఇప్పుడు మనందరం 91. రేపు ఏప్రిల్ తర్వాత ఏ నంబరు?

మా ఇంటికి ఆ సర్వే వాళ్లు ఎప్పుడూ రాలేదు. వస్తే తలుపు తీసేది అమ్మ. "మీ పెద్దమ్మాయి ఏం చేస్తుంది?" అంటే అమ్మ చెప్పే జవాబు నాకు తెలుసు. "ఇంట్లోనే ఉంది సార్, నాకు తోడుగా." అమ్మ అబద్ధం చెప్పదు. కానీ ఆ ఒక్క మాటతో రెండున్నరేళ్ల దరఖాస్తులు, ఇంటర్వ్యూలు, రాత్రిళ్లు చదివిన చదువు అన్నీ 92 కిందికి పోతాయి. 2023-24 సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామికశక్తిలో ఉన్నవాళ్లు 41.7 శాతం, వాళ్లలో నిరుద్యోగులు 3.2 శాతమే. మూడే కదా అని సంతోషించే ముందు మిగతా 58 మంది ఎవరో చూడాలి. అందులో మనలా చదువుకునేవాళ్లు ఉన్నారు, ముసలివాళ్లు ఉన్నారు, ఇష్టపడి ఇల్లు చూసుకునేవాళ్లు ఉన్నారు. తలుపు దగ్గర "ఇంట్లోనే ఉంది" అనిపించుకున్న అక్కలు ఎంతమందో ఆ అంకె చెప్పదు.

మా తాత ఉత్తర చెన్నైలో ఒక మిల్లులో పనిచేసేవాడు. నేను పుట్టకముందే అది మూతపడింది. తాత తర్వాత చాలాకాలం టీ కొట్టు దగ్గర కూర్చునేవాడని అవ్వ చెప్తుంది. ఇంట్లో కష్టమే, తాళి తాకట్టు పెట్టిన రోజులున్నాయి. కానీ టీ కొట్టు దగ్గర తాతతోపాటు మిల్లు వాళ్లు ఇరవైమంది ఉండేవాళ్లు. యూనియన్ ఉండేది. గేటుకు తాళం పడిన తేదీ అందరికీ తెలుసు. "మిల్లు మూశారు" అని చెప్పుకుంటే చాలు, తాత పనికిరానివాడని ఎవరూ అనలేదు. అక్కకు అలాంటి తేదీ లేదు, గేటు లేదు, టీ కొట్టు అసలే లేదు. ఎవరి ఇంట్లో వాళ్లు విడివిడిగా ఉన్నారు కాబట్టి తప్పు తనలోనే ఉందని అక్క అనుకుంటోంది. తాత చేసినట్టు ఏ ఆడపిల్లయినా ఒక్క సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చోగలదా అని కూడా నాకు అనిపిస్తుంది, అది వేరే వ్యాసం.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన పుస్తకం ఒకటుంది. దాని గురించి మన సోషియాలజీ మేడమ్ చెప్పారు. ఆస్ట్రియాలో మారియెంతాల్ అనే ఊరు ఉంది. ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1930 నాటికి అది మూతపడింది. మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే ముగ్గురూ వాళ్ల బృందం ఆ ఊరికి వెళ్లి, పని పోయిన మనుషులకు ఏం జరుగుతుందో చూసి, 1933లో పుస్తకం వేశారు. వాళ్లు చూసినవి చాలా చిన్న చిన్న సంగతులు. ఊళ్లో గ్రంథాలయం ఉంది, చేతినిండా తీరిక ఉంది, అయినా జనం తీసుకెళ్లే పుస్తకాలు రెండేళ్లలో దాదాపు సగానికి పడిపోయాయి. తీరిక దొరికితే మనిషి చదువుకుంటాడు అనుకుంటాం, అలా కాదన్నమాట. ఇంకొకటి, కిటికీ పక్కన గడియారం పెట్టుకుని వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో లెక్కపెట్టారు. మగవాళ్లు నెమ్మదిగా నడుస్తున్నారు, మధ్యలో ఆగిపోతున్నారు. వాళ్లకు ఎక్కడికీ తొందర లేదు. ఆడవాళ్లు మాత్రం వేగంగానే నడుస్తున్నారు. మిల్లు పనులు చాలామంది ఆడవాళ్లకూ పోయాయి, కానీ ఇంటిపని పోలేదు. పొయ్యి, పిల్లలు, ఉతుకు అన్నీ అలాగే ఉన్నాయి.

అది చదివి నేను చాలాసేపు అక్క గురించే ఆలోచించాను. అక్క కూడా వేగంగానే నడుస్తుంది. అందుకే మాకు కనబడలేదు. అన్న ఉద్యోగం లేకుండా గుమ్మంలో కూర్చుంటే ఇల్లంతా చూస్తుంది, తిడుతుందో జాలిపడుతుందో, ఏదో ఒకటి. అక్క కూర్చోదు. ఇంటిపని తనను మింగేసింది, బయటికి ఏమీ కనబడదు. ఆ పుస్తకంలోనే ఇంకో మాట ఉంది. మిల్లులో పనిచేసిన ఆడవాళ్లలో ఎక్కువమంది, ఇంట్లో రెట్టింపు చాకిరీ ఉన్నా సరే, వీలైతే మళ్లీ మిల్లుకే వెళ్తామన్నారట. డబ్బు కోసం మాత్రమే కాదు. అక్కడ నలుగురు మనుషులు ఉంటారని.

అక్కకు ఇప్పుడు నలుగురు మనుషులు లేరు. మొదటి ఏడాది క్లాసు వాళ్లతో రోజూ ఫోన్లు. వాళ్లలో ఒకామెకు బ్యాంకులో, ఇద్దరికి ఓఎంఆర్‌లో ఉద్యోగాలు వచ్చాయి. వాళ్లు పుట్టినరోజుకు హోటల్‌కు పిలిస్తే అక్క తలనొప్పి అని వెళ్లలేదు. అసలు సంగతి, తలా నాలుగు వందలు పడుతుంది. నాయనను అడగాలి. ఇరవైమూడేళ్ల మనిషి స్నేహితురాలి పుట్టినరోజుకు నాలుగు వందలు అడగడం ఎంత కష్టమో, అడగాల్సి వచ్చినవాళ్లకే తెలుస్తుంది. నాయన ఇవ్వనంటాడని కాదు. ఇచ్చేటప్పుడు ఏమీ మాట్లాడడే, అది. తర్వాత వాట్సాప్ గ్రూపులోంచి బయటికొచ్చేసింది. ఫోన్ రీచార్జ్ అయిపోతే రెండు మూడు రోజులు అలాగే ఉంచుతుంది, "నాకెవరు చేస్తారులే" అంటుంది. పోయిన ఏడాది పొంగల్‌కు బట్టలు వద్దంది. పెళ్లిళ్లకు రాదు. వస్తే పెద్దమ్మలూ పిన్నులూ చుట్టూ చేరి అడిగేది ఒకటే ప్రశ్న. దానికి జవాబు చెప్పలేక వంటల దగ్గర సాయం చేస్తానని లోపలికి పోయి కూర్చుంటుంది. అక్కడా పనే.

పెళ్లి సంబంధాల దగ్గర ఇంకో విచిత్రం. మొన్నటిదాకా "అమ్మాయి ఉద్యోగం చేస్తుందా, మాకొద్దు" అనేవాళ్లు, ఇప్పుడు "ఉద్యోగం లేదా, చూద్దాం లెండి" అంటున్నారు. రెండు మాటలూ అక్కను అడక్కుండానే.

పని లేదంటావేంటి, టి.నగర్‌లో ప్రతి కొట్టు ముందూ "ఆట్కళ్ తేవై" బోర్డు ఉంది కదా అని నాయన అప్పుడప్పుడు అంటాడు. నిజమే, బోర్డులున్నాయి. అక్క ఒక బట్టల షాపులో నాలుగు నెలలు చేసింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర దాకా నిలబడటమే. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే సౌకర్యం ఇవ్వాలని తమిళనాడులో 2021లో చట్టం చేశారు. అక్క చేసిన చోట స్టూల్ ఉండేది, దాని మీద బట్టల కట్టలు ఉండేవి. తర్వాత ఒక ఆడిటర్ దగ్గర చేరింది, ట్రైనింగ్ అని రెండు నెలలు జీతం ఇవ్వలేదు, మూడో నెల రావద్దన్నారు. వీటిని "ఉద్యోగం దొరికినా నిలబెట్టుకోలేదు" అని మా బంధువులు లెక్కేస్తారు. నేనూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాను.

ఇక ప్రభుత్వ పరీక్షలు. టీఎన్‌పీఎస్సీ గ్రూప్ 4కు పదో తరగతి చాలు, అయినా ఎం.ఏ.లూ ఇంజినీర్లూ అందరూ రాస్తారు. 2022లో ముందు ప్రకటించిన ఖాళీలు 7,301. దరఖాస్తులు దాదాపు 22 లక్షలు. అంటే ఒక్కో కుర్చీకి మూడువందల మంది. అందులో మొదటి భాగం తమిళం, 150 మార్కులకు 60 రాకపోతే రెండో భాగం పేపరు దిద్దనే దిద్దరు. ఇక్కడ మనవాళ్లు కొందరికి కోపం వస్తుంది, నాకు పూర్తిగా రాదు. ఈ ఊళ్లో ఉద్యోగం చేసేవాళ్లకు ఈ ఊరి భాష రాయడం రావాలి అనడంలో తప్పు లేదు. కానీ కార్పొరేషన్ స్కూల్లో తెలుగు మీడియంలో చదివి, కాలేజీలో కూడా తెలుగే తీసుకున్న పిల్లకు తమిళం నోటికి వచ్చు, చేతికి రాదు. కూరగాయలు బేరమాడే తమిళం వేరు, పరీక్షలో వ్యాకరణం వేరు. అక్క మొదటిసారి 54 మార్కుల దగ్గర ఆగిపోయింది. జనరల్ స్టడీస్ బాగా రాశానంది, ఎంత బాగా రాసిందో ఎవరూ చూడలేదు. ఇప్పుడు ఇరవైమూడేళ్లకు ఆరో తరగతి తమిళ వాచకం ముందేసుకుని కూర్చుంది. మనం తెలుగు తీసుకున్నది ప్రేమతోనే, అయితే ఇది మనకు మొదటి ఏడాదే ఎవరైనా చెప్పి ఉండాల్సింది. మేడమ్‌లు కోప్పడినా ఈ మాట అనక తప్పదు.

డబ్బు లెక్క కూడా చెప్తాను, విడ్డూరంగా ఉంటుంది. ప్రభుత్వ బళ్లలో చదివి కాలేజీకి వచ్చిన మనలో చాలామందికి పుదుమై పెణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయలు వస్తున్నాయి. మా అమ్మకు మగళిర్ ఉరిమై తొగై కింద ఇంకో 1,000. ఇంట్లో ఇద్దరికి వస్తున్నాయి, మధ్యలో అక్కకు ఏమీ లేదు. చదువుకునే అమ్మాయి కాదు, ఇంటి పెద్ద కాదు. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు నమోదు చేసుకున్నవాళ్లకు నిరుద్యోగ భృతి ఉంది, డిగ్రీ వాళ్లకు నెలకు 600. దానికి పేరు రాయించుకుని అయిదేళ్లు ఉద్యోగం లేకుండా ఉండాలి, కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. నెలకు 6,000తో ఇల్లు గడిచే కుటుంబం చెన్నైలో ఎక్కడుంటుందో నాకు తెలియదు. అమ్మ తన వెయ్యిలోంచి అక్క పరీక్ష ఫీజు కడుతుంది. నాకొచ్చే వెయ్యి చివరి పరీక్షతో ఆగిపోతుంది. ఆ రోజుదాకా పుదుమై పెణ్, మర్నాటి నుంచి సుమ్మా.

ఒక్క మంచి సంగతి చెప్పాలి. ఆడవాళ్లకు టౌన్ బస్సు ఉచితం అయ్యాక అక్క వారానికి రెండు రోజులు కోట్టూరుపురం అన్నా గ్రంథాలయానికి వెళ్తోంది. పెరంబూరు నుంచి రెండు బస్సులు మారాలి. అక్కడ సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాలు ఉంది, పొద్దున్నే నిండిపోతుంది. మారియెంతాల్‌లో లైబ్రరీ ఖాళీ అయింది, ఇక్కడ పరీక్షల వల్ల కిక్కిరిసింది. అక్కడికి వెళ్లొచ్చిన రోజు అక్క ముఖం వేరుగా ఉంటుంది. పక్క సీటు అమ్మాయి ఏం చదువుతోందో, క్యాంటీన్‌లో ఎవరు ఏమన్నారో చెప్తుంది. కానీ నాలుగు కాగానే బయల్దేరాలి, దీపాలు పెట్టే వేళకు ఇంట్లో ఉండాలి. మగపిల్లలు మూసేదాకా కూర్చుంటారట.

మన సాహిత్యంలో నిరుద్యోగి అంటే మగవాడే. తెలుగు నిరుద్యోగి కథ అడిగితే అందరూ "ఆకలి రాజ్యం" అంటారు. బాలచందర్ తమిళంలో తీసి, 1981లో తెలుగులోకి తెచ్చారు. ఉద్యోగం లేని కుర్రవాళ్లు ఢిల్లీలో ఆకలితో తిరుగుతారు. మంచి సినిమా. కానీ ఇంట్లో అంట్లు తోముతూ ఆకలి లేకుండా, ఉద్యోగమూ లేకుండా ఉన్న అమ్మాయి కథ ఎవరు తీస్తారు? మన సామెత కూడా ఉద్యోగం పురుష లక్షణం అంటుంది. మూడో సెమిస్టర్‌లో తిక్కన ఉద్యోగపర్వం చెప్పేటప్పుడు మేడమ్ ఒక మాటన్నారు, ఇక్కడ ఉద్యోగం అంటే జీతం కాదు, ప్రయత్నం, యుద్ధ సన్నాహం అని. అలా చూస్తే నిరుద్యోగి అంటే ప్రయత్నం లేనిది అని అర్థం వస్తుంది. రెండున్నరేళ్లుగా ప్రయత్నం తప్ప ఇంకేమీ చేయని మా అక్కకు ఆ పేరు ఎలా తగులుతుందో నాకు అర్థం కాలేదు. ఆ మాట మార్చడం నా వల్ల కాదు. నా నోటితో సుమ్మా అనడం మానేశాను. ఎవరైనా అడిగితే "గ్రూప్ 4కు చదువుతోంది, తమిళం నేర్చుకుంటోంది, ఇల్లు నడుపుతోంది" అంటున్నాను. మొదట్లో ఆంటీ నవ్వింది.

మనకు మనం చేసుకోగలిగింది ఒకటుంది, అందుకే మేడమ్‌లను ఈ గోడ మీద నుంచే అడుగుతున్నాను. చదువు అయిపోయిన రోజునే మన లైబ్రరీ కార్డు తీసేసుకుంటారు. కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్ "ఎందుకమ్మా వచ్చావ్" అంటాడు. అక్క ఒకసారి సర్టిఫికెట్ కోసం వచ్చి ఆ ప్రశ్నకే వెనక్కి వెళ్లిపోయి మళ్లీ నన్ను పంపింది. పాసయిన అక్కలకు రెండేళ్లు డిపార్ట్‌మెంట్ లైబ్రరీ కార్డు ఉంచండి. శనివారం మధ్యాహ్నం మన గది ఖాళీగానే ఉంటుంది, అందులో తమిళం రాయడం నేర్పించండి. తమిళ డిపార్ట్‌మెంట్ సీనియర్లను అడిగాను, ఇద్దరు సరే అన్నారు. మొదటి ఏడాది పిల్లలు కూడా రావాలి, అక్కలు కూడా రావాలి. తాత టీ కొట్టులాగా ఒక చోటు ఉంటుంది.

రెండు గంటలు చాలు. బల్లలు సర్దడం, గది తాళం తీయడం, వేయడం ఏప్రిల్ దాకా నేను చూసుకుంటాను. ఆ తర్వాత జూనియర్లలో ఎవరైనా తాళం తీసుకోవాలి. అప్పుడు నేను పాఠానికి వస్తాను.